ఆధారం

దుక్మ్‌లో పొద్దు సముద్రంలోంచి లేస్తుంది.
అది లేచేసరికే మేం బస్సు దిగి ఉంటాం.

మూడేళ్ళు ఇనుము కట్టాను ఇక్కడ.
తీగ మెలిపెట్టే కొక్కెం
కుడి అరచేతిలో గుంట తవ్వుకుని కాపురం పెట్టింది.
ఇప్పుడా గుంటలో మౌసు కుదురుకోవడం లేదు.

కార్డు మీద ట్రైనీ ప్లానర్ అని అచ్చేశారు.
ఫొటోలో పాత మనిషే,
నుదుటి మీద హెల్మెట్ గీతతో.

పద్దెనిమిది నెలల ఒప్పందం.
పొద్దున సైటు, మధ్యాహ్నం పోర్టకేబిను,
రాత్రి పై బంకు మీద పాఠం.
ఓవర్‌టైం లేదు కనక ఇరవై రెండు రియాళ్ళు కోత.
"ఆఫీసు పనిల పెట్టిన్రు" అన్నాను ఫోన్లో.
"మరి పైసలు తక్కువెందుకచ్చినయ్?" అంది జమున.
నేర్చుకునేటోనికి అట్లనే ఇస్తరు అని చెప్పుకోవడానికి
నాకు ముప్పై నాలుగేళ్ళు.

మొదటి నెల జువైనా మేడం కంప్యూటర్ ముట్టనివ్వలేదు.
మీటింగుల్లో మూల కుర్చీ చూపించింది.
ఎవరు ఏం మాటిచ్చారో రాయి.
ఎప్పటికో రాయి.
ఇవ్వకుండా తప్పించుకున్నదీ రాయి.

రేపు అన్న మాట నాలుగు భాషల్లో పోగైంది నా పుస్తకంలో:
బుక్రా, నాళె, కల్, టుమారో.
హిందీలో కల్ అంటే నిన్న కూడా, అన్నాను.
ఆమె నవ్వగా చూడటం అదే మొదలు.
"అయితే పైపుల కంట్రాక్టరు
అబద్ధం ఆడలేదన్నమాట!"

తర్వాత గీతలు వచ్చాయి.
పనికొక పట్టీ. పట్టీ తోక పట్టుకుని ఇంకో పట్టీ.
ఎవరికీ నష్టం లేకుండా
ఒక పని ఎన్నాళ్ళు కునుకు తీయొచ్చో, దాని పేరు ఫ్లోట్.
కునుక్కి వీల్లేనివి ఎర్రగా ఉంటాయి.
ఆ రాత్రి గదిలో ఎనిమిది మంది నిద్ర చూస్తూ
ఎవరెవరు ఎరుపో లెక్కపెట్టాను.
లెక్క తెగకముందే నాకూ కళ్ళు పడ్డాయి.

పంపుహౌసు పునాది. జూన్.
ఇనుముకి ఆరు రోజులు అంది పట్టిక.
తొమ్మిది, అన్నాను.
"ఆధారం?" అన్నాడు ప్రాజెక్టు మేనేజరు.
ముప్పై రెండు ఎంఎం కడ్డీ ఇద్దరెత్తాలి సార్,
ఎండకు ముగ్గురు.
పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా పని బందు.
ఖరీఫ్ అంటే మాకు నాట్లు, ఇక్కడ గాలి;
అది లేచిందంటే క్రేను తల దించుకుంటుంది.
"అది అనుభవం. నేనడిగింది ఆధారం."
నా షీటులో చూశాను. ఆ గడి ఖాళీ.
"ఏడు" అన్నాడు.
"ఏడు" అన్నాను.
టైపు చేసిన వేలు నాదే.

పది పట్టింది.

ఆ రాత్రి పోశెట్టి కింది బంకులో
మోకాలికి నూనె రాసుకుంటూ, కోపం లేకుండా అడిగాడు:
"ఏడు రాసింది నువ్వేనట గదరా?"
ఇనుప మంచం ఎంత చప్పుడు చేస్తుందో
కదలకుండా ఉండాలని చూస్తేనే తెలుస్తుంది.

పొద్దున మేడం నా పుస్తకంలో ఏడు దగ్గర వేలు పెట్టింది.
"ఇది ఎవరిచ్చిన మాట?"
నేనే.
"ఎవరి చేతులతో?"
అంతే. కావా కప్పు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఇప్పుడు రెండో పునాది.
సాయంత్రాలు పోశెట్టి గ్యాంగు దగ్గర కూర్చుంటున్నాను.
రోజుకు ఎన్ని కిలోలు, ఎంతమంది, ఏ గంటకు గాలి.
మొదట్లో "సారొచ్చిండు" అని నవ్వారు.
ఇప్పుడు రాసింది చదివి వినిపించమంటారు.
తప్పులు పడతారు. ఒక్కోసారి వాళ్ళలో వాళ్ళే కొట్లాడుకుంటారు,
అప్పుడు రెండు అంకెలూ రాస్తాను.

వచ్చే నెల కార్డులోంచి ట్రైనీ తీసేస్తారట.
బుక్రా.

ఇనుము: తొమ్మిదిన్నర రోజులు.
ఆధారం అన్న గడిలో కర్సరు మినుకుమంటోంది.
రాశాను:
పోశెట్టి గ్యాంగు, జూన్ లెక్క.
పద్నాలుగేళ్ళ చేతులు.

రెండో ముక్క మేడం కొట్టేస్తుందనుకున్నాను.
స్పెల్లింగు దిద్దింది.